పొగ రాని పొగగొట్టం

మా మావగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎర్ర దీపం దాటరు.

కాఫీలో పంచదార తగ్గిందని అలిగే మావగార్లున్నారు. కోడలి చేతిలోంచి వారపత్రిక లాక్కుని ముందు తాము చదివే మావగార్లున్నారు. అలాంటివాళ్లతో ఎలా వేగాలో పెళ్లికి ముందే మా అమ్మ నాకు పాఠాలు చెప్పి పంపింది. కానీ విజయనగరంలో బి.ఏ. పూర్తిచేసి బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి కాపురానికి వచ్చిన పిల్లకి, ఎర్ర బల్బు ముందు ఆగిపోయిన మనిషిని ఎలా కదపాలో ఏ పాఠంలోనూ చెప్పలేదు.

మావగారి పేరు పైడిరాజు. గూడ్సు బండి డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. మా అత్తగారు అప్పయమ్మగారు ముచ్చటపడి దేవుడి గదిలో ఎర్ర జీరో బల్బు పెట్టించుకుంటే, ఆయన గుమ్మం బయటే నిలబడి దణ్ణం పెట్టుకునేవారు. ఊళ్లో తెలిపారా పేటలో ఒక పెళ్లికి వెళ్తే, పందిరి గుమ్మానికి ఎర్ర సీరియల్ బల్బుల తోరణం కట్టారు. తాళి కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి, ఆయన మాత్రం రోడ్డు మీద రిక్షావాళ్లతో కబుర్లు చెబుతూ నిలబడ్డారు. చివరికి పెళ్లికూతురి తండ్రే ప్లేటులో భోజనం పట్టుకుని బయటికి రావలసి వచ్చింది.

"మరి నా ఎర్ర చీర మాటేమిటి మావయ్యా?" అని కొత్తల్లో అడిగాను. నా పెట్టెలో పట్టుచీరల్లో సగం ఎర్రవే.

"సీర ఎలగదు కదమ్మా," అన్నారు.

"పగలు ఎర్ర జెండా కూడా వెలగదు కదా. మరి దానికి ఆగుతారుగా?"

ఆయన కాసేపు ఆలోచించారు. "జెండా అయితే ఊపాల. నువ్వు ఊపవు కదేటి."

ఆ మాట నేను మనసులో దాచుకున్నాను. రెండో కాఫీ కోసం ఆయన వంటింట్లోకి వస్తున్నప్పుడు ఒకటి రెండుసార్లు ఎర్ర కొంగు ఊపి చూశాను. పనిచేసింది.

ఆయన గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. తప్పు తనదని ఆయన ఒప్పుకోగా చూసినవాళ్లు మా ఇంట్లో లేరు, లోకో షెడ్డులో లేరు, ఈ డివిజన్ మొత్తంలో లేరు. ఆలస్యంగా వస్తే తప్పు గడియారానిది. కళ్లజోడు మీద తనే కూర్చుంటే తప్పు కుర్చీది. ఒకసారి ఉప్పనుకుని పంచదార పప్పులో వేసి, "రెండూ తెల్లగా ఉంతే మనిసేం సేస్తాడు?" అని తప్పుని భగవంతుడి దాకా తీసుకెళ్లారు.

అన్నింటికన్నా పెద్దది శంకరరావుగారి వ్యవహారం. శంకరరావుగారు గార్డు. గూడ్సు బండికి ముందు డ్రైవరు ఉంటాడు, చివర బ్రేక్ వ్యానులో గార్డు ఉంటాడు. రాత్రిపూట మధ్యలో ఆగిన బండి మళ్లీ కదలాలంటే, వెనకనుంచి గార్డు చేతిదీపం పచ్చగా చూపించాలి. నేను ఈ ఇంటికి రాకముందు ఒక రాత్రి, ఖొంగ్సరా స్టేషను అవతల కొండల ఘాట్‌లో మా మావగారి బండి ఆగింది. ఆయన ఇంజన్లోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తూ కూర్చున్నారు. పచ్చ దీపం రాలేదు. తెల్లవార్లూ రాలేదు. రెండు దిక్కులా బండ్లు నిలిచిపోయాయి. పైవాళ్లు పిలిచి అడిగితే, గాలికి దీపం ఆరిపోయింది, ఎన్నిసార్లు వెలిగించినా నిలవలేదు అన్నారు శంకరరావుగారు. ఆ దీపం గాలికి ఆరే రకం కాదు, గార్డు నిద్రపోయాడు అన్నారు మా మావగారు. పైవాళ్లు డ్రైవరునే నమ్మారు. శంకరరావుగారికి చీవాట్లు పడ్డాయి. షెడ్డులో ఆయనకి 'నిద్రరావు' అని పేరు కూడా పడింది.

రిటైరయ్యాక ఇద్దరూ కొడుకుల క్వార్టర్లకి చేరారు. ఏ పుణ్యమో, పక్కపక్క క్వార్టర్లు. అప్పట్నుంచీ ఒకరితో ఒకరు మాట్లాడరు. మాట్లాడకపోతే పొద్దుపోదు కాబట్టి నా ద్వారా మాట్లాడతారు. ఇద్దరూ ఎవరి వరండాలో వాళ్లు కూర్చుంటారు. మధ్యలో నడుము ఎత్తు గోడ. నేను బియ్యం ఏరుతూ ఉంటాను.

"అమ్మాయ్, ఈసారి వానలు ముందే వస్తాయట, మీ మావగారితో చెప్పు."

"మీనాచ్చీ, ఆ సంగతి పేపర్లో నానూ సదివినానని సెప్పు."

నేను చెప్పనక్కర్లేదు. ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా నేను తలెత్తి, "చదివారటండీ" అంటేనే సంభాషణ ముందుకు కదుల్తుంది.

ఆ ఘాట్ దీపం ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. స్టోర్సు వాళ్లు పాత సామాను వేలం వేసినప్పుడు మా మావగారు వెళ్లి మరీ పాడుకున్నారు. నల్లటి రేకు దీపం. కింద కిరసనాయిలు బుడ్డి, పైన పొగగొట్టం, లోపల పిడి తిప్పితే తిరిగే ఎర్ర, పచ్చ అద్దాలు. జ్ఞాపకం కోసం కొన్నారనుకున్నాను. తరవాత అర్థమైంది, అది జ్ఞాపకం కాదు, సాక్షి. కరెంటు పోయినప్పుడల్లా దాన్ని హాల్లో వెలిగించి, గోడ అవతలికి వినపడేలా, "సూసినావా మీనాచ్చీ! అప్పుడెలగుందో ఇప్పుడూ అలగే ఉంది. ఆరితే ఒట్టు!" అనేవారు. కిటికీలు మూసిన హాల్లో, నాలుగు గోడల మధ్య, అది నిజంగానే ఎప్పుడూ ఆరలేదు. మా సున్నం గోడలకి నల్ల చారలు వేసింది, నా ముక్కులో మసి నింపింది, కానీ ఆరలేదు.

ఇక మావారి సంగతి. పేరు రమణబాబు, డివిజన్ ఆఫీసులో గుమాస్తా. ఆయన బలహీనత ఎగ్జిబిషన్లు. అందులోనూ పాతకాలపు షోకుతో చేసిన కొత్త వస్తువులు. చూడ్డానికి తాతలనాటివిలా ఉండాలి, పనిచెయ్యడానికి నిన్న పుట్టినట్టుండాలి. అలాగే ఒకసారి ఇత్తడి రంగు టెలిఫోను కొన్నారు. నవాబుల ఇళ్లలో ఉండేలాంటి కొమ్ముల రిసీవరు, గుండ్రటి డయలు, డయలు కన్నాల్లో మళ్లీ నొక్కే బొత్తాలు. బ్రహ్మాండంగా ఉంది. మాకు టెలిఫోను కనెక్షనే లేదు.

"లైను వచ్చేలోపు పాడైపోతే?" అన్నాను.

"పాడవదు. దాని క్వాలిటీ అలాంటిది," అన్నారు.

నిజమే, ఇన్నాళ్లూ ఒక్క రోజు కూడా పాడవలేదు.

ఆ ఎండాకాలం తెలిపారాలో మళ్లీ ఎగ్జిబిషన్ వేశారు. మావారు ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి రాలేదంటేనే నాకు అర్థమైంది. చీకటి పడే వేళకి పెద్ద అట్టపెట్టె గుండెలకి హత్తుకుని వచ్చారు. పెట్టె మీద హిందీలో 'పురానీ షాన్, నయీ జాన్' అని రాసి ఉంది. పాత దర్జా, కొత్త ప్రాణం అని దాని అర్థం.

లోపల రైల్వే చేతిదీపం. అంటే, దాని వేషం. ఇత్తడి రంగు ఒళ్లు, పట్టుకునే వంపు కడియం, మూడు రంగుల అద్దాలు, పైన పొగగొట్టం, పక్కన వత్తి ఎత్తే చక్రం. లోపల మాత్రం చార్జింగు బ్యాటరీ. కరెంటు పోగానే దానంతట అదే వెలుగుతుంది. బొత్తాం ఒకసారి నొక్కితే తెలుపు, ఇంకోసారి నొక్కితే పచ్చ, మళ్లీ నొక్కితే ఎరుపు, ఆపైన నొక్కితే ఆరిపోతుంది.

"ఈ చక్రం తిప్పితే ఏమవుతుంది?" అన్నాను.

"ఏమీ కాదు. అందం కోసం."

"పొగగొట్టం?"

"అదీ అందం కోసమే. పొగ రాదు. అదే కదా గొప్ప!"

మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "పొగ రాకపోతే గొట్టమెందుకురా? రేపు పాలివ్వని గేదెని తెచ్చి కొమ్ములు సూడమంతావేటి?"

"అమ్మా, నీకు తెలీదు. షాపువాడు దీన్ని నేలకేసి కొట్టాడు. చెక్కు చెదరలేదు. దాని మీద ఎక్కి నిలబడ్డాడు. మామూలు మనిషి కాదు, పెహల్వాన్‌లా ఉన్నాడు. ఎక్కడా ఒక్క మర మేకు లేదు చూడు. ఎవడూ విప్పలేడు, ఎవడూ పాడుచెయ్యలేడు. మన మనవలు కూడా వాడుకోవచ్చు."

మా మావగారు మంచం మీద కూర్చుని ఆ దీపాన్ని ముట్టుకోకుండా చూశారు. తరవాత అన్నారు, "వత్తి నేకపోతే అది దీపమేటిరా? అది దీపం ఏసం కట్టిన బ్యాటరీ."

"నాన్నా, వత్తి కాలం అయిపోయింది. అందానికి పాతది కావాలి, పనికి కొత్తది కావాలి. రెండూ ఇందులోనే ఉన్నాయి. ఇంక ఆ మసి డబ్బా ఎందుకు? ఆదివారం పాతసామాన్లు కొనే కబాడీవాడొస్తే పడేద్దాం. ఇల్లంతా కిరసనాయిలు కంపు."

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావారు చెత్త సామాను గురించి మాట్లాడుతున్నారు. మావగారికి వినపడింది వేరు. ఆ దీపం పనికిరానిదైతే, ఘాట్‌లో అది ఆరి ఉండొచ్చు. అది ఆరి ఉంటే శంకరరావుగారు నిద్రపోయి ఉండకపోవచ్చు. అక్కణ్నుంచి లెక్క ఎక్కడికి వస్తుందో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. గోడ అవతల పేపరు మడుస్తున్న చప్పుడు ఆగిపోయింది కాబట్టి ఇంకొకరికి కూడా తెలుసనుకుంటాను.

"పందెం," అన్నారు మావగారు చివరికి. "కరెంటు పోయిన మొదటి రోజు రెండూ ఎలిగిద్దాం. బయట, వరండాలో. ఏది నిలిస్తే అది ఇంట్లో ఉంతాది. రెండోది కబాడీకి."

"అచ్ఛా, ఖాయం!" అన్నారు మావారు.

ఆ అచ్ఛా అన్న మనిషి శనివారం సాయంత్రమే, పందెం ఎలాగూ గెలుస్తాం కదా అని, పాత దీపాన్ని కబాడీ గోనెసంచిలో వేసి మూతి కట్టేశారు. నేను చూశాను. ఆయన స్నానానికి వెళ్లగానే సంచి విప్పి దీపాన్ని బియ్యం డ్రమ్ములో దాచాను. సంచి తేలికైపోతే అనుమానం వస్తుందని, అంతే బరువున్న వస్తువు ఇంట్లో ఏముందా అని వెతికి, నవాబుల టెలిఫోను వేసి మళ్లీ కట్టాను.

ఆదివారం కబాడీవాడు రాలేదు. కరెంటు మాత్రం పోయింది.

సాయంత్రం మావగారు మామూలుగానే స్టేషనుకి నడిచి వెళ్లారు, బండ్లన్నీ తను లేకుండా కూడా నడుస్తున్నాయో లేదో చూసి రావడానికి. నేను చేపల పులుసు పెట్టాను. మావారు కొత్త దీపాన్ని వీధి గుమ్మానికి పైన మేకుకి తగిలించారు. తండ్రి ఇంట్లోకి వస్తూనే దాని దర్జా చూడాలని ఆయన కోరిక. వచ్చే పోయేవాళ్లకి కనపడేలా బొత్తాం ఎడాపెడా నొక్కి తెలుపు, పచ్చ, ఎరుపు, మళ్లీ తెలుపు అని ఆడించారు. మధ్యలో ఎక్కడో 'టక్'మని చప్పుడైంది. నేను విన్నాను, ఆయన వినలేదు.

పొద్దు వాలింది. గాలిదుమారం మొదలైంది. కాలనీ అంతా ఒక్కసారిగా కరెంటు పోయింది. కొత్త దీపం, చెప్పినట్టే, దానంతట అదే వెలిగింది.

ఎర్రగా.

సరిగ్గా అప్పుడే మావగారు గేటు తీసుకుని లోపలికి వచ్చారు. రెండడుగులు వేశారు. తలెత్తి చూశారు. ఆగిపోయారు.

"మావయ్యా, రండి," అన్నాను.

"సిగ్నల్ ఉంది," అన్నారు.

మావారు పరుగున వచ్చి బొత్తాం నొక్కారు. అది లోపలికి పోయింది కానీ మళ్లీ బయటికి రాలేదు. ఎరుపు కదల్లేదు. ఆయన దీపాన్ని కొట్టారు. ఊపారు. వత్తి చక్రం తిప్పారు. అది చెప్పిన మాట ప్రకారం ఏమీ చెయ్యలేదు. స్క్రూడ్రైవరు తెచ్చారు. ఎక్కడా ఒక్క మర మేకు లేదు. ఎవడూ విప్పలేడు, ఎవడూ పాడుచెయ్యలేడు. చివరికి ఓర్పు పోయి నేలకేసి కొట్టారు. చెక్కు చెదరలేదు.

"క్వాలిటీ," అన్నాను నేను.

నా వైపు చూసిన చూపు కూడా ఎర్రగానే ఉంది. అది దీపం వెలుగు అనుకుని ఊరుకున్నాను.

మావారు తువ్వాలు తెచ్చి దీపానికి చుట్టారు. "ఇప్పుడు లేదుగా నాన్నా! వచ్చెయ్."

మావగారు ఒక్క అంగుళం కదల్లేదు. "సిగ్నల్ ఉండాల్సిన సోట కనపడకపోతే అది డేంజర్ కిందే లెక్క. ఇంత సిన్న రూలు తెలవని నీకు ఆపీసులో ఉద్యోగమెవడిచ్చాడ్రా?"

"పోనీ పూర్తిగా తీసేస్తాను!" అని దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి, పెద్ద డేగిసా కింద బోర్లించి వచ్చారు. డేగిసా అంచుల కింద నుంచి ఎర్రటి గీత గుండ్రంగా మెరుస్తూనే ఉంది.

"తీసేసినా అంతే. నాను సూసినాను కదా. సూసిన డేంజరు, పచ్చ పడేదాకా డేంజరే."

మా అత్తగారు వరండాలోకి వచ్చి నడుం మీద చేతులు వేసుకున్నారు. "ఏటయ్యా ఈ ఇడ్డూరం? సేపల పులుసు సల్లారిపోతంది. దొడ్డిదారంట రారాదా?"

"మెయిన్ లైను బండి దొడ్డిదారంట వస్తాదేటి?"

"మెయిన్ లైను నేదు, నీ మొకమూ నేదు! నువ్వు ఇంజనువి కావు, మనిసివి!"

ఆయన గేటు పక్క స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. గాలికి పులుసు వాసన ఆయన దాకా వెళ్తోంది. ముక్కుపుటాలు కదలడం నాకు కనపడుతోంది. అయినా నిలబడ్డారు. అప్పటికి నాకు అనుమానం వచ్చింది, ఆయన ఆగింది సిగ్నల్‌కి మాత్రమే కాదని. ఈ రూలు విరగనంతసేపూ కొడుకు కొత్త దీపం ఓడిపోతూనే ఉంటుంది. ఆయన ఎన్నాళ్లయినా ఆకలిని ఓర్చుకోగలరు, ఓడిపోవడాన్ని ఓర్చుకోలేరు.

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. శంకరరావుగారు లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. ఇందులో డ్రైవరుదే రైటు. గార్డు చేతిదీపం పచ్చగా చూపిస్తే తప్ప బండి కదలకూడదు."

మావగారు ఆ వైపు చూడకుండానే తల ఊపారు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదటిసారి. రూలు గొప్పతనం అలాంటిది.

"అయితే పాత దీపం తెస్తాను," అన్నారు మావారు. ఆయన గొంతులో అప్పుడు పౌరుషం లేదు, ఆకలి ఉంది. గోనెసంచి తెచ్చి మూతి విప్పి చెయ్యి పెట్టారు. లోపల నుంచి టెలిఫోను బయటికి వచ్చింది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, మళ్లీ దాన్ని చూశారు.

"ఎవరికైనా ఫోన్ చెయ్యాలా?" అన్నాను.

తరవాత బియ్యం డ్రమ్ము దగ్గరకి వెళ్లి, మోచేతి దాకా చెయ్యి పెట్టి దీపం పైకి తీశాను. గింజలు రాలుతూ వరండా దాకా వచ్చాయి. దాన్ని చూడగానే గేటు దగ్గర మావగారి వెన్ను నిటారుగా అయింది.

"సూసినావురా? ఆఖరికి దిక్కు అదే!"

వత్తి సరిచేసి, కిరసనాయిలు పోసి, వెలిగించాను. పచ్చ అద్దం తిప్పాను. ఇక చూపించేది ఎవరు? గార్డు కావాలి. శంకరరావుగారు ఒక్క నిమిషం ఆగమని లోపలికి వెళ్లి, లుంగీ మీదే తెల్ల చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చారు. గోడ దాటి మా వరండా మెట్టు మీద నిలబడ్డారు. చుట్టుపక్కల క్వార్టర్ల నుంచి కొందరు గోడల మీదకి చేరారు. కరెంటు లేదు, రేడియో లేదు, మేమున్నాం.

శంకరరావుగారు దీపాన్ని భుజం ఎత్తుకి లేపారు. పచ్చ వెలుగు గేటు దాకా సాగింది. మావగారు ఒక పాదం ఎత్తారు.

గాలి వచ్చింది. దీపం ఆరిపోయింది.

మావగారు పాదం దింపేశారు. నేను మళ్లీ వెలిగించాను. శంకరరావుగారు ఈసారి తన ఒంటితో గాలికి అడ్డం నిలబడి ఎత్తారు. పొగగొట్టం లోంచి గాలి దూరి, 'భుస్' మని ఆరింది. ఇంకోసారి వెలిగించాను. చెయ్యి పైకి లేవకముందే ఆరింది. పొగ వచ్చే పొగగొట్టానికి ఉన్న ఇబ్బంది అదే, గాలి కూడా వస్తుంది.

శంకరరావుగారు ఆరిన దీపాన్ని అలాగే పైకి పట్టుకుని, చీకట్లో, ఎంతో మర్యాదగా అన్నారు:

"అమ్మాయ్, మీ మావగారితో చెప్పు. నేను ఇప్పుడు నిద్రపోవడం లేదని."

గోడల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మా అత్తగారు నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లి, ఆపుకోలేక డేగిసాలకేసి నవ్వారు. దీపం ముసలిదైపోయింది అనడానికి కూడా మావగారికి దారి లేదు. అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని ఏళ్ల తరబడి గోడ అవతలికి వినిపించింది ఆయనే.

మావారు అదను చూసుకున్నారు. "చూశావా నాన్నా? నీ దీపం ఆరింది. నా దీపం చూడు, ఆర్పుదామన్నా ఆరడం లేదు!"

"పచ్చ ఇవ్వనిది ఎలిగితేటి, ఎలక్కపోతేటి?" అన్నారు మావగారు. కానీ ఆ గొంతులో ఇంజను లేదు.

ఒకటి ఆరదు కానీ పచ్చ ఇవ్వదు. ఒకటి పచ్చ ఇస్తుంది కానీ నిలవదు. పందెం ప్రకారం రెంటినీ కబాడీకి ఇవ్వాలి, పులుసు పక్కింటికి ఇవ్వాలి. నాకూ ఆకలి వేస్తోంది. లోపలికి వెళ్లి నేను పాలప్యాకెట్ల క్యూకి తీసుకెళ్లే చిన్న టార్చి తెచ్చాను. పాత దీపంలోంచి కిరసనాయిలు బుడ్డి తీసేశాను. ఆ ఖాళీలో టార్చిని ఏటవాలుగా, తల పచ్చ అద్దంకేసి పెట్టి, కదలకుండా గుడ్డపేలిక కుక్కాను. మీట నొక్కి తలుపు మూశాను.

శంకరరావుగారు దాన్ని ఎత్తారు. ఎప్పుడూ లేనంత పచ్చటి వెలుగు గేటు మీద పడి, మావగారి బట్టతల మీద పడి, అవతల రోడ్డు మీదకి కూడా పోయింది. గాలి వచ్చింది. వెళ్లిపోయింది. వెలుగు అలాగే ఉంది.

మావగారు కదిలి మెట్టు దాకా వచ్చి, మళ్లీ ఆగారు. "గార్డు పచ్చ ఇచ్చినాడు సరే. లైను క్లియరని స్టేసన్ మాస్టరు సెప్పాల కదా?"

"ఈ స్టేషనుకి మాస్టర్ని నేనే," అన్నాను. "లైను క్లియర్. పులుసు రెడీ. కదలండి."

కదిలారు. మెట్టెక్కి, శంకరరావుగారి చేతిలోంచి దీపం తీసుకుని, తలుపు తెరిచి లోపలికి చూశారు. టార్చి చూశారు, నా గుడ్డపేలిక చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. కంపు లేదు. పైన అదే రేకు, అదే నలుపు, ఆయన వేలంలో పాడుకున్న అదే ఒళ్లు.

"పురానీ షాన్, నయీ జాన్!" అన్నారు మావారు వెనకనుంచి. "నేను మొదట్నుంచీ చెప్పింది ఇదే కదా!"

"నువ్వు నోరుముయ్యరా," అన్నారు మా అత్తగారు. "నువ్వు కొన్నది ఇంకా నా డేగిసా కింద కాల్తంది."

కంచాలు పెట్టాను. శంకరరావుగారిని కూడా కూర్చోమంటే, ఇంట్లో వండారమ్మా అంటూ గోడ దాటి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. చొక్కా మాత్రం విప్పలేదు. మావగారు పులుసు కలిపారు. ముద్ద చేశారు. ముద్ద నోటి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చేపల పులుసు ముందు ఆయన చెయ్యి అలా ఆగడం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా ఎర్ర దీపం కూడా లేదు.

ఎంగిలి చేత్తోనే లేచి వరండాలోకి వెళ్లారు. నేను వెనకాలే వెళ్లాను, అవసరం పడుతుందని.

"మీనాచ్చీ, శంకరరావుతో సెప్పు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. నేను నోరు తెరవలేదు. బియ్యం గింజలు ఏరుకుంటూ నేల మీద కూర్చున్నాను. ఈ మాట నేను మొయ్యదలచుకోలేదు.

ఆయన గోడ దగ్గరికి నడిచారు. దీపం గోడ మీద పెట్టారు. అటూ ఇటూ ఇద్దరి ముఖాలూ పచ్చగా ఉన్నాయి.

"శంకరరావూ. ఆ రేతిరి ఘాట్లో నువ్వు తొంగోనేదు. దీపమే ఆరిపోనాది. తప్పు నాది."

శంకరరావుగారు చొక్కా పై గుండీ సరిచేసుకుని నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, గాలి హోరులో సరిగ్గా వినపడలేదని మీ మావగారితో చెప్పు."

అప్పటికి గాలి ఆగిపోయి చాలాసేపయింది. గోడల మీద జనం ఇంకా ఉన్నారు. మావగారు ఒకసారి నన్ను చూశారు, ఒకసారి వాళ్లని చూశారు. తరవాత లోకో షెడ్డు దాకా వినపడేలా అరిచారు:

"తప్పు నాదేరా శంకరరావూ! నాదే తప్పు!"